మిత్రదేశపు పూలగుత్తి

ఉక్రెయిన్‌లోని పోల్టావా వచ్చిన మిత్రదేశపు మంత్రి, సైనికుడి తల్లి ఒడార్కా వంటింట్లో కూర్చుని టీ తాగాడు. వచ్చే నెల కొత్త ట్యాంకులు పంపుతామనీ, ఇక రష్యా మీ ముందు నిలవలేదనీ చెప్పాడు. వెళ్తూ ఆమె చేతిలో గులాబీల గుత్తి పెట్టి కారెక్కాడు.

ఒడార్కా పూలు లెక్కపెట్టింది. ఆరున్నాయి.

మంత్రి వెంట వచ్చి, గుమ్మంలో ఇంకా నిలబడే ఉన్న కెప్టెన్ నాజర్‌తో అంది: "చూశావా! ట్యాంకులిస్తారుగానీ మన పద్ధతి ఒక్కటీ తెలీదు వీళ్ళకి. సరిసంఖ్య పూలు సమాధి మీద పెడతాంగానీ ఇంటికి తెస్తామా? మావాడి ఆచూకీ తెలీలేదు, అంతేగా!"

ఒక పువ్వు లాగి అతని చేతికిచ్చింది.

ఆమె కొడుకు ఉన్న దళానికి నాజరే నాయకుడు. అతను ఆ పువ్వును మళ్ళీ గుత్తిలోనే పెట్టాడు.

"పూలు ఆయన కొనలేదు పిన్నీ. నేనే కొన్నాను."

ఒడార్కా మంత్రి తాగిన కప్పు కడిగి బోర్లించింది.

"ట్యాంకులు వచ్చే నెలన్నాడు కదూ?" అంది.