గుటకపిట్ట

రాత్రి దుకాణం షట్టరు సగం దించి, కత్తిరింపు బల్ల ముందు కుర్చీలో కూర్చుని దర్జీ ఫోనులో కుట్టుపనివాళ్ల గ్రూపులో చేరబోయింది. ఏ పేరు పెట్టుకోవాలో తోచక, చెల్లెలిని తను పిలిచిన ముద్దుపేరు కొట్టింది: గుటకపిట్ట. ఆ పేరు అక్కచెల్లెళ్లిద్దరికే తెలుసు. చిన్నప్పుడు ఈ దుకాణంలోనే దాగుడుమూతలాడుతూ కనపడకుండా పోయిన చెల్లెలు మళ్లీ దొరకలేదు.

"ఈ పేరు ఇప్పటికే మరొకరు తీసుకున్నారు" అని వచ్చింది.

ఆమె ఆ పేరుగలవాళ్లకే సందేశం పెట్టింది. "ఎవరండీ మీరు? మీకీ పేరు ఎవరు పెట్టారు?"

కాసేపటికి జవాబొచ్చింది.

"నువ్వే కదక్కా పెట్టింది. నేనింకా బల్ల కిందే ఉన్నా. వెతకవేం?"

దర్జీ కిందికి చూడలేదు. చప్పుడు చెయ్యకుండా రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుంది.