పెరుగన్నం కుక్క

దామోదరన్‌కు ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పెరుమాళ్లకు నైవేద్యం పెట్టిన పెరుగన్నం కుక్కకు పుణ్యం ఇస్తుందేమో గానీ, బలం ఇస్తుందా?

ముత్తియాల్‌పేటలోని ఆ ఇంట్లో తాతల నాటి నుంచి మాంసం ముట్టరు. వాళ్ల కుక్క మణి కూడా ముట్టలేదు. పిల్లగా వచ్చిన రోజు నుంచి రెండు పూటలా ప్రసాదమే. ఏకాదశి నాడు పాలు. "మా మణి జన్మ తరించిపోయిందమ్మా" అని దామోదరన్ తల్లి కమలమ్మాళ్ వీధిలో గొప్పగా చెప్పుకునేది.

పశువుల డాక్టరు అనుప్రియ అలా అనలేదు.

"రక్తం పలచగా ఉంది సార్. ఒంట్లో కండ లేదు. ఇంత పొడవు కుక్కకు ఈ బరువేంటి? ఇలా ఉంటే నేను సూది గుచ్చలేను."

"సరిచేసేదానికి ఎన్నాళ్లు టైముందమ్మా?"

"ఒక నెల. అంతకన్నా ఆగితే ప్రాణం దక్కదు. మంచి తిండి పెట్టండి. సంచీ మీద బొమ్మ చూసి కొనకండి, వెనక రాసింది చదవండి. మొదటి పేరు మాంసమో చేపో అయ్యుండాలి. మొక్కజొన్న కాదు."

దామోదరన్ తల వంచుకుని బయటికి వచ్చాడు. అది పురట్టాసి. పెరుమాళ్ల నెల. రోజూ మాంసం తినేవాళ్లు కూడా ఆ ఊళ్లో మానేసే నెల.

కుక్కల తిండి అమ్మే అంగట్లో కళ్లద్దాలు పెట్టుకుని సంచీలన్నీ తిప్పి చదివాడు. ఒకదాంట్లో మొదట మొక్కజొన్న. ఒకదాంట్లో గోధుమ పొట్టు, రంగు. ఇంకొకదాంట్లో కోడి ఉంది, కానీ అట్టడుగున.

"శాకాహారంలో బలమైనది లేదా?"

అంగడి నరేంద్రన్ నవ్వాడు. "ఏం సార్, మీ మణి నామం కూడా పెట్టుకుంటాడా?"

దామోదరన్ నవ్వలేదు. మొదటి పేరే కోడిమాంసమని రాసి ఉన్నది, అన్నిటికన్నా మంచిది తీసుకున్నాడు. దాన్ని ఇంట్లోకి తేలేదు. దొడ్లో పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

మణి వాసన చూసింది. ఒక పలుకు నోట్లో పెట్టుకుని తిరిగి కింద పెట్టింది. పూజగది వైపు చూస్తూ పెరుగన్నం కోసం కూర్చుంది.

మర్నాడూ అంతే. ఇక చేపే దారి.

సముద్రం ఒడ్డున ఉండే వైతికుప్పం నుంచి వచ్చే అన్నమ్మాళ్ ఆ వీధిలో ఎన్నో ఏళ్లుగా చేపలమ్ముతోంది. ఆ ఇంటి ముందు మాత్రం ఎప్పుడూ గంప దించలేదు. ఆ పొద్దు దించింది. ఆమెది తమిళం, దామోదరన్‌ది తమిళం కలిసిన ఇంటి తెలుగు. రెండూ కలిపి మాట్లాడుకున్నారు.

"ముల్లు లేని మీన్ యాది అన్నమ్మా?"

"నేనే తీసిస్తా అయ్యా. మీరు తాకొద్దు." ఒక్కొక్క ముల్లునూ వేళ్లతో తడిమి లాగేసింది. "ఉప్పు వెయ్యొద్దు. ఊరికే ఉడకబెట్టండి. తింటాడా?"

"తినాల."

డబ్బు ఇవ్వబోతే ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "దీనికి కూడానా అయ్యా?" కళ్లు తుడుచుకుని గంప ఎత్తుకుంది.

కాసేపటికి నడవలోంచి కమలమ్మాళ్ అరిచింది. "దామూ! ఏందిరా ఆ వాసన? పెరుమాళ్లే చేప రూపం ఎత్తినాడు గదరా. ఆయన నెలలోనే ఆయన్ని ఉడకబెడతావా?"

ఆ మాటే దామోదరన్‌నీ లోపల తొలుస్తోంది. జవాబు ఆయన భార్య తాయారు ఇచ్చింది. అంతవరకు అత్తకు ఎదురు చెప్పి ఎరగని మనిషి.

"పొయ్యి నేనే పెట్టినా అత్తా. కుండా నేనే కొన్నా. పాపముంటే నాకే రానీండి."

"ఒక కుక్క కోసరమా?"

"ప్రాణం గదా అత్తా."

ఆ పూట కమలమ్మాళ్ అన్నం ముట్టలేదు.

మణి మాత్రం తింది. మొదట అనుమానంగా. తర్వాత గిన్నె దొర్లిపోయేటట్టు. అన్నమ్మాళ్ రోజూ వచ్చేది. గంప దించకముందే అడిగేది.

"ఒళ్లు పట్టిందా అయ్యా?"

"పక్కటెముకలు కనపడటంలే."

"రక్తం?"

"అది డాక్టరమ్మే చెప్పాల."

ఆమె సముద్రం ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకుని వెళ్లిపోయేది.

దామోదరన్ సంజెపొద్దున దీపం పెట్టి పెరుమాళ్లను అడిగేవాడు. "ఆచారం తప్పినాను స్వామీ. తప్పా ఒప్పా నాకు తెలీదు. ఆ ప్రాణమొకటి నిలబెట్టు."

నెల తిరిగింది. మొగుడూ పెళ్లామూ మణిని ఆటోలో తీసుకెళ్లారు. డాక్టరు గది ముందు అన్నమ్మాళ్ అప్పటికే కూర్చుని ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తాయారు వెళ్లి పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

అనుప్రియ మణిని తూచింది. రక్తం పరీక్ష చేసింది. ముఖం విప్పారింది.

"భలే పుంజుకున్నాడే! ఏం పెట్టారు సార్?"

"చేప" అన్నాడు దామోదరన్.

"ఇక ఆలస్యం వద్దు. రండి."

మణిని బల్ల మీద పడుకోబెట్టి మెడ దగ్గర వెంట్రుకలు గొరిగారు. సూది దిగింది. మణి మూలగలేదు. దామోదరన్ ముఖాన్నే చూస్తూ పడుకుంది. గొట్టంలో ఎరుపు కదిలింది. దామోదరన్ కళ్లు మూసుకున్నాడు.

సంచీ నిండగానే డాక్టరమ్మ దాన్ని మణి మెడ నుంచి విప్పి, పక్క బల్ల మీద, ఈ రక్తం కోసమే నెలరోజులు ఆగిన ఆపరేషన్‌కు మత్తులో పడుకున్న అన్నమ్మాళ్ కుక్కకు తగిలించింది. తాయారు తొలి కాన్పు నాడు అన్నమ్మాళ్ చెయ్యి చాపి ఇచ్చిన రక్తం బాకీ ఆ పొద్దుకు తీరింది.