ఎనిమిది గీతలు

"అన్నీ పీకేయండి బాబాయ్, కాదన్ను. ఈ ఒక్కటి మాత్రం వదిలేయండి," అంటూ జ్యోతిలక్ష్మి కారవాన్ తలుపు పక్కనున్న గోడకి వీపు ఆనించి నిలబడిపోయింది.

బంగారయ్య చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఈ అరబ్బు దేశంలో, షువైఖ్ గరాజీలో ఇరవై ఏళ్ళుగా చెక్కపని చేస్తున్నాడు గానీ, పుచ్చిపోయిన గోడకి కాపలా కాసే మనిషిని ఇంతవరకు చూడలేదు. చక్రాల మీద గదిలాంటి ఆ కారవాన్ చాలా పాతది. పైకప్పు కారి లోపలి ప్లైవుడ్ గోడలన్నీ ఉబ్బి, చెయ్యి తగిలితే పొట్టు రాలుతున్నాయి. చలికాలం విడిదికి ఎడారిలో డేరాలు వేసేలోపు అన్నీ కొత్తవి వేయాలని రిగ్గైలోని ఈ ఇంటి మామా, అంటే యజమానురాలి హుకుం. జ్యోతిలక్ష్మి ఆ ఇంట్లోనే పనిచేస్తుంది.

"కింద ఎలా అయిపోయిందో చూడమ్మాయ్," అంటూ బంగారయ్య ఆ గోడ పలక అడుగున స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాడు. నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.

"పైన బాగానే ఉంది కదండీ."

పైన ఏముందో అతనప్పుడు చూశాడు. ఒకదాని మీద ఒకటి, ఎనిమిది పెన్సిల్ గీతలు. పేరు లేదు, తేదీ లేదు. పిల్లల పొడుగు చూసి గోడ మీద గీసే గీతలు. బంగారయ్య మెత్తబడ్డాడు. చేతులతో పెంచిన బిడ్డ మీద మమకారం ఎక్కడికి పోతుంది?

"ఈళ్ళ బదర్ బాబుని నువ్వే పెంచేవంట కదా?"

"ఆయ్. మూడేళ్ళప్పుడు నా చేతికిచ్చేరండి."

"నీ కూతురు పద్మశ్రీదీ ఆ ఈడే. మొన్న సెలవుకెళ్ళినప్పుడు చూసేను."

"ఎంత పొడుగైందండి?"

"నా భుజం దాకా ఉంటాదేమో."

జ్యోతిలక్ష్మి అతని భుజం వంక చూస్తూ ఉండిపోయింది. "రోజూ ఫోన్లో చూత్తానండి. మొహం ఒక్కటే కనపడుద్ది," అంది. ఊరికి వెళ్ళి నాలుగేళ్ళయింది. ఎంత పొడుగైనా సరే, ఫోన్లో పిల్ల అరచేతిలోనే ఉంటుంది.

"మీ అమ్మ నీకో సంచి ఇచ్చింది. బండిలో ఉంది, పనయ్యేక ఇత్తాను. ముందు నువ్వు జరుగు."

ఆమె జరగలేదు. ఇంతలో మామా లోపలికొచ్చింది. పని ఆగిపోయిందేమని అరబ్బీలో అడిగింది. బంగారయ్య గీతల వైపు చెయ్యి చూపించాడు. తన మాట మామా వినకపోయినా గీతల్ని చూస్తే కరుగుతుందని అతని ఆశ.

మామా దగ్గరకొచ్చి గీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది. కళ్ళజోడు తీసింది. బదర్ నిరుటి నుంచి అబూ హలీఫాలో తండ్రి దగ్గర ఉంటున్నాడు. తల్లి దగ్గరికి శుక్రవారం శుక్రవారం వస్తాడు. వాడు వస్తాడనే ఆమెకి ఈ కారవాన్ మీద ఇంత పట్టుదల.

"నేను ఆఫీసుకి పోయేదాన్ని," అంది మామా. "వాడు ఎదగడం నేను చూడలేదు. నువ్వు చూశావు. కొలిచావు కూడా. నాకొక్కసారైనా చెప్పలేదేం?"

జ్యోతిలక్ష్మి నోరు తెరిచింది. మామా బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది.

"ఈ ముక్క జాగ్రత్తగా తియ్యి," అని మామా బంగారయ్యకి చెప్పింది. "పుచ్చిన మేరకి కోసెయ్యి. హాల్లో పెట్టించుకుంటాను." అతని చెవి మీదున్న పెన్సిల్ తీసుకుని, పై గీత పక్కన అరబ్బీలో కొడుకు పేరు రాసింది.

బంగారయ్య స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, పలక చిట్లకుండా తీశాడు. అడుగు కోసి, అంచులు నునుపు చేసి జ్యోతిలక్ష్మి చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని గుండెలకి ఆనించుకుని మామా వెనకాలే ఇంట్లోకి వెళ్ళింది.

మంచిపని చేశానన్న తృప్తితో అతను మిగతా పనిలో పడ్డాడు. పలక తీసిన చోట చెక్క ఫ్రేము వంకర తిరిగి ఉంది. సరిచేయాలంటే దారం పట్టి చూడాలి. తన దారపుండ గరాజీలో మరిచిపోయాడు. బండిలోని సంచి గుర్తొచ్చింది. ఆవకాయ జాడీ మీద పుల్లకి చుట్టిన తెల్లదారం ఉండాలి. జాడీ మూతికి కట్టమని ముసలావిడ పెట్టి ఉంటుంది. తెచ్చి, రెండు ముక్కలుగా కోసి, ఫ్రేముకి పైన ఒకటి, కింద ఒకటి బిగించాడు. వంకర ఎక్కడుందో ఇట్టే తేలింది.

జ్యోతిలక్ష్మి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మరి ఏడుపెందుకమ్మా? నీ పలక బతికింది కదా. రోజూ హాల్లో తుడుత్తా చూసుకోవచ్చు," అంటూ బంగారయ్య సంచి అందించాడు.

ఆమె జాడీ తీసి పక్కన పెట్టింది. పూతరేకుల పొట్లం తీసింది. సంచి బోర్లించి దులిపింది.

"ఇంకేం పంపలేదా బాబాయ్? దారం ఏదన్నా?"

"ఇదా?" అతను నవ్వుతూ ఫ్రేము వైపు చూపించాడు. "పనికి వాడేసేను. రెండు ముక్కలే, ఎక్కడికీ పోలేదు. ఉండు, ముడేసి ఇచ్చేత్తాను."

అతను మేకుల నుంచి ముక్కలు విప్పి, రెండు కొసలూ కలిపాడు. జ్యోతిలక్ష్మి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ముడెయ్యకండి బాబాయ్. ఆ గీతలన్నీ ఏటేటా మా అమ్మ కొలిచి పంపిన దారం పెట్టి గీసుకున్నయ్యే... ముడేత్తే మా పద్మశ్రీ పొట్టయిపోద్ది."