మేక నడక

లైబ్రరీ హాల్లో కుర్చీలు ఇంకా సర్దుతూనే ఉన్నారు. ఓపల్ డ్రమ్మండ్ అప్పటికే వచ్చి టీవీ ఎదురుగా కూర్చుంది.

"ఇంకా గంట టైముంది, మిస్ ఓపల్," అంది లైబ్రరీ చూసుకునే లోయిస్.

"ఫరవాలేదమ్మా. అందులో ఆయన మాట్లాడతాడా?"

"మాట్లాడతాడట. పోయే ముందు తీసిన ఇంటర్వ్యూ ఉందట."

"ఆ నడక ఎక్కడిదో చెప్తాడా?"

"అది అడక్కుండా ఎవరుంటారు? చెప్తాడులెండి."

ఓపల్ కోటు విప్పలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

కార్టూన్ బొమ్మలను మొదటిసారి నిజంగా నడిపించినవాడని పేరు పొందిన లోవెల్ క్రాండల్, నెబ్రాస్కాలోని ఈ వెల్డన్ ఊరి పొలాల్లోనే పుట్టాడు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ ఆ సాయంత్రం టీవీలో వస్తోంది. స్కూలు నుంచి పెద్ద టీవీ అడిగి తెచ్చారు.

ఆయన చిన్నప్పుడే ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఊరికి మిగిలింది ఆయన గీసిన పిప్కిన్.

పిప్కిన్ ఒక మేకపిల్ల. ఒక కాలు ఈడ్చి, రెండో కాలి మీద చిన్నగా ఎగిరి నడుస్తుంది. ఏటా జూన్‌లో బ్యాండు వెనక ఊరంతా అలాగే నడుస్తుంది. అందరికన్నా బాగా నడిచినవాళ్లకి కొమ్ముల టోపీ పెడతారు.

ఆ టోపీ ఎప్పుడూ పశువుల దాణా అమ్మే డ్వేన్‌దే.

ఓపల్ భర్త పోయాక మూడేళ్ల కిందట ఇక్కడికి వచ్చింది. ఇనుప సామాన్ల కొట్టు పైన గది తీసుకుంది. ఈ చుట్టుపక్కలే పుట్టానని చెప్పింది. అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఆమెకూ ఒక కాలు ఈడ్పే.

పిల్లలు వెనక నుంచి 'పిప్కిన్ అమ్మమ్మా' అని పిలిచి పారిపోయేవారు. పెద్దవాళ్లు వాళ్లను కసిరి, మొహం తిప్పుకుని తామూ నవ్వేవారు.

పోయిన జూన్‌లో డ్వేన్ ఆమె కిటికీ కింద నిలబడి పిలిచాడు. "పోటీకి రండి, మిస్ ఓపల్. మీకు ప్రాక్టీసు కూడా అక్కర్లేదు."

ఆమె కిటికీ మూసేసింది. ఈవిడకి గీర ఎక్కువ అని ఊరు తేల్చేసింది.

హాలు నిండింది. చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు, నిమ్మకాయ కేకులు ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చారు. టీవీలో తమ ఊరి పేరు చెప్తారా లేదా అని పందేలు కూడా వేసుకున్నారు.

కార్యక్రమం మొదలైంది.

ఒక ప్రొఫెసర్ వచ్చి, అంతకు ముందు బొమ్మలు గాల్లో తేలుతున్నట్టుండేవని చెప్పాడు. పిప్కిన్ అడుగు వేస్తే బరువు తెలిసిందనీ, నొప్పి కూడా తెలిసిందనీ అన్నాడు.

తెర మీద మేకపిల్ల నడిచింది. హాలు గొల్లుమంది.

డ్వేన్ ఉండబట్టలేక లేచి టీవీ ముందు అటూ ఇటూ నడిచాడు. తెర కనపడటం లేదు, కూర్చోరా అని వాళ్ల నాన్న వెనక నుంచి కేకేశాడు. డ్వేన్ వినలేదు. ఓపల్ ముందు ఆగి వంగి దండం పెట్టాడు.

"ఎలా ఉంది, మిస్ ఓపల్? మార్కులు వెయ్యండి."

"కాస్త జరుగు నాయనా. ఆయన వస్తున్నాడు."

తెర మీదకి ముసలాయన వచ్చాడు. తాను వెల్డన్‌లోనే పుట్టానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లోయిస్ ఊరుకోబెట్టింది.

ఆ నడక ఎక్కడిదని ఇంటర్వ్యూ చేసే అమ్మాయి అడిగింది.

ఓపల్ కొంచెం ముందుకు వంగింది.

"మా పొలంలో ఒక కుంటి మేకపిల్ల ఉండేది," అన్నాడాయన. "దాన్ని వరండాలో అటూ ఇటూ నడిపించి బొమ్మలు గీసేవాణ్ణి. చీకటి పడేదాకా. కాలు నొప్పి పుట్టినా పాపం ఏమీ అనేది కాదు. చేతిలో ఒక ఆపిల్ ముక్క పెడితే మళ్లీ నడిచేది."

"తర్వాత ఏమైంది అది?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"నేను ఇటు వచ్చేశాను. పోయి ఉంటుంది."

హాల్లో ఎవరో ముక్కు చీదారు. పాపం నోరులేని జీవి అన్నారు. లోయిస్ కళ్లు తుడుచుకుంది.

ఓపల్ మళ్లీ వెనక్కి ఆనుకుంది. ఆ తర్వాత తెర మీద ఏం వచ్చినా, రేపు వానుందా లేదా అని వార్తలు చూస్తున్నట్టే చూసింది.

అయిపోయాక లైట్లు వేశారు. ఎవరికీ వెంటనే లేవాలనిపించలేదు. డ్వేన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఊరి మొగలో ఆ మేకకి ఒక రాయి నిలబెడదామన్నాడు. అది లేకపోతే ఈ ఊరికి ఏముంది అన్నాడు. అందరూ ఔనన్నారు.

అతను ఓపల్ దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మీరు ఇటువైపే పుట్టానన్నారు కదా, మిస్ ఓపల్. క్రాండల్ వాళ్ల పొలం ఎక్కడో గుర్తుందా? ఆ మేకని ఎక్కడ పాతిపెట్టారో వెతుకుదామని."

ఓపల్ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

"పొలం గుర్తుంది," అంది. "నాన్న మొక్కజొన్న వేసేవాడు. మేకల్ని ఎప్పుడూ పెంచలేదు."

"నాన్నా?" అన్నాడు డ్వేన్.

ఆమె ఒక కాలు ఈడ్చి, రెండో కాలి మీద చిన్నగా ఎగిరి, కుర్చీల మధ్య నుంచి తలుపు దాకా నడిచింది. హాల్లో ఆ అడుగుల చప్పుడొక్కటే వినిపించింది.

తలుపు దగ్గర ఆగి, కోటు పైబొత్తాం పెట్టుకుంది.

"ఆ ఇంట్లో కుంటిదాన్ని నేనొక్కదాన్నే."