పుట్టింటి రక్తం

దమ్మపేట నుంచి తెచ్చుకున్న వనజ పుట్టింటి రక్తమే చెడ్డదని, అందుకే పిల్లకు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వచ్చిందని పక్కింటి పుష్పలత బోరింగు దగ్గర అన్నదట. ఆ మాట చెవిన పడగానే జంపయ్య పెళ్లాన్ని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. చేతిలో వెదురుకర్ర విరిగేదాకా కొట్టాడు. వనజ పెదవి చిట్లి నెత్తురు కారింది.

పిల్లకు మందులు తెచ్చిన నర్సు భార్గవి పరుగెత్తుకొచ్చి అడ్డం పడింది. ఆమె మోచేతికీ దెబ్బ తగిలింది.

“ఆగు జంపయ్యా! ఒక్కరి నుంచి వస్తే జబ్బు గింత ముదరదు. తల్లి సగం, తండ్రి సగం ఇస్తేనే గిట్లయితది. మొన్న మీ ఇంట్ల అందరి రక్తం చూసినం. నీ దాంట్ల సుత ఉన్నది.”

“నాకేడికెల్లి వస్తది? మా వంశంల ఎవ్వలికీ లేదు. పాడు రక్తం దీని అయ్యది!”

గొడ్డలి అందుకున్నాడు.

అతని తల్లి నాగక్క వచ్చి కోడలి మీద అడ్డంగా వాలింది.

“దీని అయ్య నా తోడబుట్టినోడు కాదారా? మేనరికమని దీన్ని తెచ్చింది నేనే. నా రక్తంల సుత ఉన్నదని చెప్పిండ్రు. నీకు నా కడుపులకెల్లే వచ్చింది. నరుకుతే ముందు నన్ను నరుకు.”