నూరు చిలకల మాట

చెరువు అడుగంటింది. ఎగరలేని బాతుపిల్లలకు ఒక్క నడకకే ఓపికుంది; దారి తప్పితే ఎండకు మాడిపోతాయి. నీళ్లెక్కడున్నాయో కనుక్కోమని తాబేలు మాస్టారు తన శిష్యురాలు సింగారి బాతును పంపాడు.

సింగారి ఇట్టే తిరిగొచ్చింది. “తూర్పు లోయలో మడుగుందట మాస్టారూ. టెలిఫోను తీగ మీది చిలకల్ని అడిగాను. నూరు చిలకలూ అదే మాటన్నాయి.”

మాస్టారి కళ్లు చెమర్చాయి. చిన్నప్పుడు ఆ మడుగులోనే తామరాకుల కింద దాక్కుని వాళ్లమ్మను ఏడిపించేవాడు. ‘పదండి’ అనబోయాడు గానీ, చూసినవాళ్లెవరో తెలియందే ఏదీ నమ్మొద్దని తను చెప్పే పాఠమే అడ్డం పడింది.

“చూసిన చిలక ఏది?”

“అది అడగలేదండీ.”

“అడుగు. ఎవరికెవరు చెప్పారో ఆరా తీస్తూ మొదటి నోటి దాకా పో.”

మధ్యాహ్నానికి సింగారి నవ్వాపుకుంటూ వచ్చింది. “అన్నింటికీ ఒక ముసలి చిలకే చెప్పిందండీ. దానికి చెప్పింది మీరేనట. పాఠం మధ్యలో ఏటా ఆ మడుగు ముచ్చట చెబుతారుగా.”

పాఠం ఎవరికీ గుర్తులేదు గానీ ముచ్చట మాత్రం అడవంతా పాకింది. మాస్టారు తల డిప్పలోకి లాక్కున్నాడు. బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది.

“నేను చూసి అరవై ఏళ్లయిందమ్మా. ఎగిరెళ్లి నీ కళ్లతో చూసి రా.”

సింగారి సాయంత్రానికి వచ్చింది. “తూర్పున అంతా తుమ్మచెట్లేనండీ. పడమటి వాగులో మాత్రం నీళ్లున్నాయి, దిగి చూశాను.”

“తామరలు?”

“లేవండీ.”

పిల్లలు పడమటికి కదిలాయి. దారి పొడుగునా మాస్టారు వాటికి ఆ మడుగు ముచ్చటే చెప్పాడు. ఈసారి చివర్న, అది ఇప్పుడు లేదని కూడా చెప్పాడు.