చేసినాయన

“ప్రార్థన వద్దు నాయనా. పూడ్చేయండి, చాలు” అంది సువార్త.

బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె తండ్రి యేసన్న గుంతలో కూర్చుని మట్టిగడ్డలు చేత్తో నలుపుతున్నాడు. వానల్లేక నేల బండబారింది. గడ్డపారతో తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కాయి. అయినా, విత్తనం వేసే చేను గుల్ల చేసినట్టు, అడుగు మెత్తగా చెయ్యందే మనవరాలిని పడుకోబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇంకా పాకడం కూడా రాని పసిది.

“పాస్టరయ్య బస్సు దొరక్క నల్లమాడలోనే ఉండిపోయినాడు. నేనే రెండు మాటలు చెప్తానమ్మా. ఊరికే పెట్టేసి యెట్ల పోయేది?” అన్నాడు యేసన్న.

“ఎవురికి చెప్తావు?”

తండ్రీ కూతుళ్లకు ఇది పాత తగువే. సువార్త కదిరిలో జూనియర్ కాలేజీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. పరిణామం పాఠం చెప్పి వచ్చినప్పుడల్లా యేసన్న ఆమెను చేలోకి పిలిచి వేరుశనగ మొక్క చూపించేవాడు.

“పువ్వు పైన పూస్తాది. ఊడ కిందికి దిగి మన్నులో కాయ కాస్తాది. దీనికిది నేర్పించినాయన లేడంటావా?”

“ఎవురూ నేర్పలే నాయనా. అట్ల బతికినేటివే మిగిలినాయి.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఇద్దరూ. నవ్వుకుంటూనే పోట్లాడుకునేవారు.

ఈ రోజు నవ్వు లేదు. గట్టున కూర్చున్న అల్లుడు విజయభాస్కర్ ఒళ్లోంచి యేసన్న పాపను అందుకున్నాడు. తెల్లగుడ్డలోంచి చెయ్యి ఒకటి బయటికి జారింది. ఆ బుల్లి గోళ్లు చూడగానే అలవాటైన మాట నోరు జారింది.

“చూడమ్మా, ఎంత పొందిగ్గా చేసినాడో.”

“గుండెలో బొక్క పెట్టింది గూడా ఆయనేనా?” అంది సువార్త.

ఈ ప్రశ్నతోనే కూతురి బతుకంతా కాలిపోతుందని యేసన్నకు భయమేసింది. ఆ మంట ఆర్పడానికి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు.

“లేదమ్మా. ఎవురూ చెయ్యలే. నువ్వు కాలేజీలో చెప్పేదే నిజం. దానంతట అదే అట్లయింది. ఎవురి మీదా కోపం పెట్టుకోవద్దు.”

సువార్త గట్టు మీద కూలబడింది. పాప చెయ్యిని మెల్లగా గుడ్డలోకి సర్దింది. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

“నువ్వు అట్లనొద్దు నాయనా. నువ్వు గూడా ఎవురూ లేరంటే నా బిడ్డను ఎవురి చేతికిచ్చేది? ప్రార్థన చెయ్యి. నేనూ మోకరిస్తా.”

మోకరించింది. అందరూ తలలు వంచారు. యేసన్న పాపను గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ మాట రాలేదు. ఇందాక కూతురి కోసం ఆడింది అబద్ధం కాదని ఆయనకు అప్పుడే తెలిసింది.